షోనా శిల్పము - నికొలస్ ముకోంబెరాన్వా

జింబాబ్వే యను మాటకు షోనా భాషలో రాతియిండ్లని యర్థము చెప్పుదురు. ఆ దేశమున మస్వింగో పట్టణమునకు సమీపమున, సున్నము గాని అడుసు గాని లేకయే నల్లరాతిని పేర్చి కట్టిన మహానగర శిథిలములు గలవు. బలపపురాతితో చెక్కిన పక్షిప్రతిమలును అచ్చట దొరకినవి. వీనిని నల్లవారు నిర్మింపజాలరనియు, ఫినీషియనులో షేబారాణి జనులో నిర్మించియుందురనియు తెల్లదొరలు చిరకాలము వాదించిరి. 1905 లో రాండల్ మెకైవరును, 1929 లో గెర్ట్రూడ్ కాటన్ థాంప్సను అను విదుషియు త్రవ్వి పరీక్షించి, ఇవి ఆఫ్రికావారి కట్టడములే యని తేల్చిరి. అయినను రొడీషియా పాలకులకు ఆ మాట రుచింపలేదు. ఒక జాతి నేలవలెనన్నచో, దానికి చేతిపని రాదని చెప్పుట యెంత యవసరమో చూడుడు!

అట్టి రాజ్యమున, నేడు హరారే యనబడు సాలిస్‌బరీ నగరమున, 1957 లో జాతీయ కళాశాల యొకటి ప్రదర్శనముల కొరకు తెరువబడెను. పారిసునుండి వచ్చిన ఫ్రాంక్ మెకెవెన్ దాని యధ్యక్షుడు. అతడు స్థానికులకు పనిచేయ చోటిచ్చెను గాని పాశ్చాత్యుల పాఠములు నేర్ప నిష్టపడలేదు. న్యాంగా కొండసీమలో రైతులకు సేద్యపు మెలకువలు చెప్పు నుద్యోగియైన జోరం మరీగా, తాను చెక్కిన రాతిబొమ్మలతో అతని కంటబడెను. ఈ శిల్పము మొలకెత్తిన తీరిది.

ఆ శాలకు వచ్చినవారిలో నికొలస్ ముకోంబెరాన్వా యొకడు. 1940 లో బుహేరా ప్రాంతమున పుట్టి, సెరీమా క్రైస్తవాశ్రమమున గ్రోబర్ అను మతాచార్యుని కడ కొయ్యచెక్కడము నేర్చెను. పొట్టకూటికి పోలీసుకొలువు, తీరిన వేళల రాతిపని. పెక్కేండ్లు ఇట్లు గడపి, తుదకు కొలువు మానెను. అతడు మిక్కిలి మక్కువ చూపినది గట్టిరాయి. ఉలితో చెక్కి, ఆకురాతితో రాచి, తడిపి తడిపి నునుపు చేసి, నిప్పుసెగ చూపి మైనము పూయగా, బూడిదవన్నె రాయి నిగనిగలాడు నలుపు దేరును. కోణములు దేలిన మొగములు, పెద్ద కన్నులు అతని పనికి గురుతులు.

1971 లో పారిసునందలి రోడాన్ ప్రదర్శనశాలలో ఈ శిల్పములు చూపబడెను. పూర్వుల యాత్మశక్తి మరల మేల్కొన్నదని మెకెవెన్ ప్రకటించెను. ఈ మాట మాకు సమ్మతము గాదు. ఆ పక్షులకును ఈ బొమ్మలకును నడుమ కొన్ని శతాబ్దుల యెడము గలదు. షోనా యను పేరైనను సరిగా పొసగదు. 1965 లో రొడీషియా తెల్లవారు ఏకపక్షముగ స్వాతంత్ర్యము చాటుకొనగా, పరదేశములు బేరము మానినవి. పొగాకు అమ్ముడువోక, టామ్ బ్లూమ్‌ఫీల్డ్ అను భూస్వామి 1966 లో తన టెంగెనెంగె క్షేత్రమును శిల్పుల కొట్టముగ మార్చెను. అచ్చట సుత్తి పట్టినవారిలో మలావీ, అంగోలా, మొజాంబిక్‌లనుండి కూలికి వచ్చినవారు పలువురు! వారిదే పూర్వుల యాత్మ? తొలుత నల్లవాని చేతికి పనితనము లేదనిరి. పిదప ఆ పనితనము పితృదేవతలదనిరి. పగలు కొలువు, రాత్రి ఉలి యను ముకోంబెరాన్వా కష్టమున కీ రెండు మాటలలోను చోటు లేకపోయెను.

హరారే చేరువ రువాలో భూమి గొని, యువకులకు పని నేర్పుచు, అతడు 2002 లో కాలధర్మము నొందెను. కుమారుడు ఆండర్సన్ మాత్రమే గాదు, కుమార్తె ఎనికాయు ఆ రాతిపనినే చేపట్టినది.