మన్రో పట్టికయు మన వీధిబడులును

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీని చెన్నపట్టణపు గవర్నరైన సర్ తామస్ మన్రో, భూములను కొలిపించితిమి, పంటలను విచారించితిమి, జనసంఖ్యను సైతము తెలిసికొనజూచితిమి గాని యీ ప్రజల చదువెట్టిదో విచారింపనైతిమను భావమును తెలుపుచు, కలెక్టరులందరికిని ఒక పట్టికను పంపవలసినదని యుత్తరువు చేసెను. బడులెన్ని, చదువువారిలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములవారు, మహమ్మదీయులు ఎందరెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అనునవి ఆ పట్టికలోని గళ్లు. విద్యాపరిశోధకులు నేడు సర్వే యని పిలుచు పద్ధతికి మన సీమలో తొలి యుదాహరణములలో దీనిని నేనొకటిగా నెంచుచున్నాను. ఆ పద్ధతి బలమును కొరతయు దీనికి వచ్చిన జవాబులలోనే కాననగును.

జవాబులన్నిటిలో శ్రేష్ఠమైనది బళ్ళారినుండి వచ్చినది. నేటి అనంతపురపు సీమయు అప్పుడా జిల్లాలోనిదే. అచ్చటి కలెక్టరు ఏ. డి. కేంబెల్, 1816లోనే తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. 1823 ఆగస్టులో అతడు పంపిన లెక్క ప్రకారము విద్యాస్థానములు 533. అందు కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. జనసంఖ్య 9,27,857 కాగా చదువుకొనువారు 6,641 మంది. అనగా వేయింటికి ఏడుగురైనను లేరు. హిందువులలో ఆడపిల్లలు అరువదిమందియే. గళ్లు నిండినవి గదా యని అతడు కలము దింపలేదు. అయిదవయేట గణపతిని పూజించి బియ్యములో పిల్లవాని వ్రేలితో వ్రాయించుట మొదలుకొని, ఉదయమాఱు గంటలకు బడికి ముందుగా వచ్చినవాని యరచేత సరస్వతి పేరును, రెండవవాని యరచేత సున్నను వ్రాయుట, మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, తరువాతివారికి ఒక్కొక్కటి హెచ్చుగా వడ్డించుట వఱకు సర్వమును వర్ణించెను. అర్థము తెలియకయే పద్యములను వల్లించుచున్నారని నొచ్చుకొనెను. సీమగుడ్డలు వచ్చి నేతపనివారి జీవనము చెడి, దేశము బీదవడుటచే బడులు సన్నగిల్లుచున్నవనియు, ఆ 533టిలో ఒక్కదానికైనను దొరతనపు సాయము లేదనియు సిగ్గుతో నొప్పుకొనెను. ఈ సంగతులలో దేనికిని పట్టికలో గడి లేదు.

కెనరా జిల్లా కలెక్టరు, తన జిల్లాలో చదువు ఇండ్లలోనే సాగుచున్నందున పట్టికవలన తెలియునదేమియు లేదని, దానిని నింపనేలేదు. ఇంటిచదువు సంగతి చెన్నపట్టణమునుండి మఱియు చిత్రముగా వచ్చినది: బడులలో చదువువారికంటె ఇండ్లలో చదువువారు ఇంచుమించుగా అయిదింతలని. 1826 మార్చి 10వ తేదీని మన్రో లెక్కలన్నిటిని కూర్చి, 1,28,50,941 మంది జనమునకు 12,498 బడులున్నవని తేల్చి, ఈడు గల మగపిల్లలలో నాలుగవ పాలుమాత్రమే బడులలో కనబడుచున్నను, ఇంటిచదువును కలుపుకొన్నచో మూడవ పాలు కావచ్చునని వ్రాసెను. చెన్నపట్టణపు అంకెలో పొరపాటుండునని శంకించియు ఇంటిచదువును త్రోసివేయకపోవుట అతని వివేకమునకు నిదర్శనము. తరువాత 1835 మొదలుకొని వంగదేశమున విలియమ్ ఆడమ్, తాను స్వయముగా తిరిగి చూచి, ఇండ్లలో జరుగు చదువును ప్రత్యేకముగా లెక్కించెను.

నూఱేండ్లు గడచినవి. 1931 అక్టోబరులో లండనునందు గాంధీజీ, ఆంగ్లపాలనమున దేశములో నిరక్షరాస్యత హెచ్చినదనగా, ఆంగ్ల విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ ఆధారములు చూపుడని యడిగెను. కేంబెల్ వంటి శ్రద్ధ తక్కిన కలెక్టరులకు లేదనియు, మన్రో మొత్తము హెచ్చుగా వచ్చియుండుననియు 1939 నాటి తన గ్రంథమున వాదించెను. 1983లో చరిత్రపరిశోధకుడు ధరంపాల్ కలెక్టరుల యుత్తరములనే గ్రంథస్థము చేసి, కేంబెల్ చెప్పిన దారిద్ర్యమును, దొరతనపు సాయము లేమిని ముందుంచెను. ఒక యుత్తరమే యిద్దఱికిని సాక్ష్యము: అంకె యొకరికి, కారణము వేఱొకరికి. నా మట్టుకు నాకు ఆ రెంటిని విడదీయుట న్యాయముగా తోచదు. 6,641 అని వ్రాసిన కేంబెల్ తానే, ఆ సంఖ్య యంత తక్కువగుటకు నేతపనివారి పొట్టకొట్టిన సీమగుడ్డలును హేతువని ఆ జవాబులోనే వ్రాసియున్నాడు.