ఆనకట్ట కట్టినవారు, వారి ఇంటివారు

ఏటేట మే 15వ తేదీన గోదావరి జిల్లాల రైతులు కాటన్ దొర జన్మదినమును జరుపుకొనుట మన సంఘస్థులు ఎరిగినదే. 1803లో ఆ దినమున పుట్టిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు విగ్రహమునకు, దొరల పాలన పోయిన ఇన్నేండ్ల తరువాత కూడ పూలదండలు పడుచున్నవి. గోదావరి స్నానమునకు వచ్చినవారికి సంకల్పము చెప్పు పురోహితులలో కొందరు ఆయన పేరును కూడ చేర్చుదురు. శిస్తులు వసూలు చేసి వెళ్లిన కలెక్టర్లు ఎందరో ఉండగా ఈయనకే ఇంతటి కృతజ్ఞత ఎట్లు దక్కెను? ఆ కృతజ్ఞతలో పాలు పొందవలసినవారు ఇంకెవరు?

ఆనకట్టకు ముందు ఈ సీమ స్థితి తెలియనిదే ఈ సంగతి బోధపడదు. అప్పటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండగా 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఈ నడుమనే పెద్దలు డొక్కల కరవు అని చెప్పుకొను 1832–33 నాటి కరవు వచ్చెను. 1839లో కోరంగి తుపాను వచ్చెను. చనిపోయినవారు కొందరు, పొట్ట చేతపట్టుకొని ఊళ్లు విడిచిపోయినవారు కొందరు. నిండు నది కన్నులయెదుటనే సముద్రములో కలిసిపోవుచుండగా దాని గట్టున మనుష్యులు ఆకలితో మాడిరి. కాటన్ 1844లో ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. 1847లో ధవళేశ్వరమున పని మొదలై 1852 నాటికి ఆనకట్ట పూర్తియాయెను.

ఆనకట్ట అనగా ఒకే గోడ అనుకొనరాదు. నది అక్కడ లంకల నడుమ చీలి పారుచున్నందున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా కట్టవలసివచ్చెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి తీసిరి. వరద తీసినది మొదలు మరల వరద వచ్చులోగా ఎంత పని జరిగిన అంతే. ఏరు పొంగినచో సగము కట్టినది కొట్టుకొనిపోవచ్చును. కావున మండువేసవి ఎండలోనే పని ముమ్మరముగా సాగవలెను. రాళ్లు పగులగొట్టినవారు, సున్నము కాల్చినవారు, పడవలు నడిపినవారు, ఇసుకలో తట్టలు మోసినవారు వేలకొలది మంది. కూలివాండ్రను కూర్చి పని నడిపించుటలో కాటన్‌కు కుడిభుజముగా ఉండినవాడు మన తెలుగువాడైన వీణెం వీరన్నగారు. ఆయనకు ప్రభుత్వము రాయ్ బహదూర్ బిరుదు నిచ్చెను. వీరన్నగారి పేరైన నిలిచినది. తట్ట మోసినవారి పేర్లు మనకు దక్కలేదు.

ఇక్కడ నాకు నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము జ్ఞాపకము వచ్చుచున్నది. పేర్ల పట్టిక అని మనలో అనేకులు దానిని చదువక దాటివేయుదురు. గోడలో ఏ భాగమును ఎవరు బాగుచేసిరో నెహెమ్యా ఇంటింటి పేరు వ్రాసెను; షల్లూముతో కూడ అతని కుమార్తెలు పని చేసిరని కూడ వ్రాసెను. (పనికి మెడ వంచని తెకోవ ఘనులను కూడ ఆయన విడువలేదు!) మన ఆనకట్టకు అట్టి పట్టిక వ్రాసిన నెహెమ్యా లేకపోయెను.

కాటన్ ఇంటివారి సంగతియు కొంత చెప్పవలెను. ఆయన 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహమాడెను. పని నడుమ 1848లో ఆరోగ్యము చెడి ఆయన ఆస్ట్రేలియా వెళ్లవలసివచ్చినప్పుడు కెప్టెన్ ఓర్ ఆ భారమును మోసెను. ఎండకు, జ్వరమునకు లోనైన భర్తను కనిపెట్టుకొనియుండిన ఆ తల్లికి శిలాఫలకము లేదు. కాటన్ 1899లో తొంబది ఆరేండ్ల వయసున కన్నుమూసెను. మరుసటి ఏడే ఆయన జీవితచరిత్రను ప్రకటించినది ఆయన కుమార్తె, లేడీ హోప్. ఆనకట్ట పని మొదలైననాడు ఆమె నాలుగేండ్ల పసిపిల్ల. మనము కాటన్‌ను గూర్చి ఎరిగినదానిలో చాలభాగము ఆమె చలువయే.

ఇంటివారికి పేరు దక్కిన సందర్భము ఒకటి కోనసీమలో కలదు. లంకల గన్నవరము వద్ద వైనతేయ పాయమీదుగా కాలువ నీటిని దాటించుటకు 1850లలో అక్విడక్టు కట్టిరి. అది పాతబడినందున కట్టిన కొత్తదానికి 2000లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె ఇంజనీరు కాదు, అధికారి కాదు. ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళ అన్నము వండి పెట్టిన ఇల్లాలు. భర్త జోగన్నగారు ఆమెకు తోడుగా నిలిచెను. నీటి కట్టడమునకు పొయ్యి దగ్గరి మనిషి పేరు పెట్టుట నాకు మిక్కిలి సబబుగా తోచుచున్నది.

పాత ఆనకట్ట స్థానములో 175 తలుపులతో కట్టిన బ్యారేజి 1982లో వచ్చెను. నాలుగేండ్లకే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దానిమీదుగా పోయెను. గట్లు తెగి ఊళ్లు మునిగెను. అట్టి రాత్రులలో లస్కరులు, లాకుల వద్ద పనివారు, ఇసుక బస్తాలు మోయు కూలీలు గట్టుమీదనే ఉందురు. వారి భార్యాబిడ్డలు తమ ఇంటిలోనికి నీరు వచ్చునేమో అని చూచుకొనుచు, ఇంటి మగవాడు లేకయే రాత్రి గడుపుదురు. మరునాడు పత్రికలో నీటిమట్టము అంకెలు పడును గాని వారి సంగతి పడదు.

మన సంఘములలో ఇట్టి ఇండ్లు ఉన్నవి. తాతముత్తాతలు ఆనకట్ట మీదనో, కాలువల మీదనో పని చేసిరని పెద్దలు చెప్పగా వినినవారు ఆ పేర్లను, వారి ఇల్లాండ్ర పేర్లతో సహా, ఒక కాగితముమీద వ్రాసి గురువుగారి కిచ్చిన యెడల సంఘపు పుస్తకములో ఎక్కించవచ్చును. డెబ్బది దాటినవారిని ముందుగా అడుగుడి.