అడిగి ఆగే యంత్రం

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే మొదటి లెక్కలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. తెర మీద "ఒక సంఖ్య ఇవ్వండి" అని కనపడాలి, మనం సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కాలి, జవాబు కింది వరసలో రావాలి. ఇంత చిన్న లెక్కకి చరిత్రేముంటుందిలే అనుకుంటాం. కానీ ఇందులో కొత్తవాళ్ళు పడే తికమకలు కొన్ని ఆ చరిత్రలోంచి వచ్చినవే.

పంచ్ కార్డుల రోజుల్లో ప్రోగ్రామూ, దానికి కావలసిన సంఖ్యలూ కలిపి కార్డుల కట్టగా ఆపరేటర్‌కి ఇచ్చి రావాలి. ఎప్పటికో కాగితం మీద ఫలితం వచ్చేది. మధ్యలో యంత్రం మనల్ని అడిగేదేమీ లేదు. 1964 మే 1న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు బేసిక్ భాషని నడిపించారు. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ ముందు కూర్చోవాలన్నది వాళ్ళ పట్టుదల. అయితే ఆ మొదటి బేసిక్‌లో 'ప్రింట్' ఉంది కానీ 'ఇన్‌పుట్' లేదు. సంఖ్యల్ని ప్రోగ్రాములోనే 'డేటా' వరసలుగా రాసుకోవాలి. ఇన్‌పుట్ ఆ తర్వాతి కూర్పుల్లో చేరింది. అంటే చెప్పడం ముందు, అడిగి ఆగడం తర్వాత.

అప్పటి టెర్మినల్ అంటే టెలిటైప్. మోడల్ 33 అనే యంత్రం సెకనుకి 10 అక్షరాలు, అవీ పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలే, కాగితపు చుట్ట మీద కొట్టేది. ప్రింట్ అంటే నిజంగా అచ్చే! కాగితం మీద పడ్డది చెరపలేం కదా. అందుకే తొలినాటి యూనిక్స్‌లో తప్పు కొడితే వెనక హ్యాష్ గుర్తు కొట్టేవారు, ముందరి అక్షరం లెక్కలోకి రానట్టు. వరసంతా వద్దనుకుంటే ఎట్ గుర్తు. ఇలా దిద్దుకోడానికి వీలుగా, ఎంటర్ నొక్కేదాకా వరసని వ్యవస్థే పట్టి ఉంచి, ఆ తర్వాత ఎంటర్‌తో సహా ప్రోగ్రాముకి అందిస్తుంది.

ఈ 'ఎంటర్‌తో సహా' అన్నదే మా ఇంజనీరింగ్ ల్యాబులో అందర్నీ ఏడిపించింది. టర్బో సీ నీలం తెర మీద సంఖ్య తీసుకున్నాక, "మళ్ళీ చెయ్యాలా?" అని ఒక్క అక్షరం అడిగితే, ప్రోగ్రాము మన జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయేది. స్కాన్ఎఫ్ సంఖ్యని తీసుకుని ఎంటర్‌ని వదిలేస్తే, తర్వాతి ప్రశ్నకి ఆ ఎంటరే జవాబు అయిపోతుంది. "ఎఫ్‌ఫ్లష్ పెట్టు, ఎందుకని అడక్కు" అనేవారు. ఇన్‌పుట్ మీద దాని ఫలితం ఏమిటో సీ ప్రమాణం చెప్పనే చెప్పదు. అసలు కారణం కెర్నిహాన్, రిచీ 1978లో రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. 'హలో వరల్డ్' తర్వాత కొన్ని పేజీలకే ఇన్‌పుట్‌ని అక్షరం అక్షరంగా చదివి వరసలు లెక్కపెట్టే ప్రోగ్రాము ఉంది. అది లెక్కపెట్టేది వరస చివరి గుర్తునే. అది చేసినవాడికి ఎంటర్ కూడా ఒక అక్షరమేనని ఒకరు చెప్పక్కర్లేదు.

టెలిటైప్ వదిలివెళ్ళిన ఇంకో అలవాటు, ఒక మీట అంటే ఒక అక్షరం, ఒక అక్షరం అంటే ఒక గడి. 'పేరు తీసుకుని తిరగేసి చూపించు' అనే పాత లెక్కకి 'తెలుగు' అని ఇచ్చి చూడండి. మనకి మూడు అక్షరాలు. 1991లో యూనికోడ్ తొలి కూర్పు నుంచే తెలుగుకి చోటుంది, దాని లెక్కలో ఇవి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. బైట్లు తిరగేస్తే చెత్త వస్తుంది, సంకేతాలు తిరగేస్తే కొమ్ములూ ఎత్వాలూ హల్లుల్ని విడిచిపోతాయి. అందుకే మన పిల్లలు ఇప్పటికీ యంత్రానికి తమ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే చెప్పుకుంటున్నారు.

ఈ లెక్కలు పాతబడ్డాయి, తీసెయ్యమని నేననను. ఎందుకని అడిగిన పిల్లవాడికి కాగితపు చుట్ట సంగతి చెప్పమంటాను. తిరగేసే లెక్క ఒక్కసారైనా వాడి పేరుతో, తెలుగులోనే చేయించమంటాను. జవాబు తప్పుగా వస్తుంది. ఆ రోజు క్లాసు దాని గురించే నడవాలి.