సాటివాని బాసట: మనోవ్యాధి చికిత్సలో ఒక పాత సత్యము

ఎద్దుపుండు కాకికి ముద్దా అని మన పెద్దలు అందురు. పుండు బాధ ఎద్దుకే తెలియును. పొడుచు కాకికి తెలియదు. శరీరమునకు జబ్బు చేసినపుడు వైద్యుడు నాడి చూచును, నెత్తురు పరీక్షించును. మనస్సునకు జబ్బు చేసినపుడు మాత్రము రోగి చెప్పు మాటయే ముఖ్యమైన ఆధారము. ఆ మాట బయటికి రావలెనన్న వినువారిమీద రోగికి నమ్మకము కుదరవలెను. అదే బాధ పడి గట్టెక్కిన వారిమీద ఆ నమ్మకము త్వరగా కుదురును. అట్టివారికి శిక్షణ యిచ్చి, జీతముపై నియమించు పద్ధతి నేడు పలు దేశములలో కలదు. వారిని సాటి సహాయకులు అనవచ్చును. ఈ ఉద్యోగము కొత్తదిగా కనబడినను దీని వెనుక రెండు వందల ఏండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

గొలుసులు విప్పినది ఎవరు?

పారిస్ నగరము చెంత బిసేత్ర్ అను పెద్ద ఆస్పత్రి ఉండెడిది. ఉన్మాదులని ముద్రపడిన వారిని అచట గొలుసులతో కట్టి ఉంచెడివారు. తోళ్లు పదును చేయు వృత్తిలోనున్న జాన్ బాప్తిస్త్ పుస్సేన్ అనునతడు గండమాల వ్యాధితో ఆ ఆస్పత్రిలోనే చికిత్స పొందెను. నయమైన తరువాత అక్కడనే పనిలో చేరి, క్రమముగా మనోరోగుల విభాగమునకు అధికారి అయ్యెను. అతని జబ్బు శరీరమునకు సంబంధించినదే. అయినను ఆస్పత్రిలో రోగిగా బ్రతుకుట ఎట్లుండునో అతడు ఎరుగును.

1793లో ఫిలిప్ పినేల్ అను వైద్యుడు బిసేత్ర్‌కు వచ్చెను. పుస్సేన్ తన పద్ధతిని ఆయనకు వివరించెను. పరిచారకులు రోగిని కొట్టరాదు. రోగి చేయి చేసికొన్నను తిరిగి కొట్టరాదు. ఆ పరిచారకులను వీలైనంతవరకు కోలుకొన్న రోగులనుండియే ఎన్నుకొనవలెను. వారు ఇతరులకంటె మృదువుగా, నిజాయితీగా మెలగుదురని అతని అనుభవము. ఇది కేవలము దయతో చేసిన పని కాదు. పనికి తగినవారెవరో చూచి చేసిన నిర్ణయము.

1795లో పినేల్ సాల్పెత్రియేర్ ఆస్పత్రికి మారెను. బిసేత్ర్‌లో 1797లో గొలుసులు విప్పించినది పుస్సేన్. తరువాతి చిత్రకారులు మాత్రము గొలుసులు విప్పించు మహావైద్యునిగా పినేల్‌నే చిత్రించిరి. పినేల్ తన గ్రంథములో పుస్సేన్‌కు తాను ఋణపడిన సంగతి ఒప్పుకొనెను. అయినను లోకమునకు వైద్యుని పేరే గుర్తున్నది. అనుభవముతో సాయపడిన వారి పేరు మరుగున పడుట ఈ చరిత్రలో మరల మరల కనబడును.

పిల్లలు, తల్లిదండ్రులు

అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అను యువకుడు 1900లో ఆత్మహత్యకు యత్నించి, మూడు ఆస్పత్రులలో సుమారు మూడేండ్లు గడపెను. అచట తాను పడిన దెబ్బలను, చూచిన దురవస్థలను 1908లో పుస్తకముగా ప్రకటించెను. మరుసటి ఏట అతని పూనికతో మానసికారోగ్యము కొరకు జాతీయ సంఘము ఏర్పడినది. ఆ సంఘము సహకారముతో 1922నుండి పలు నగరములలో బాలల మార్గదర్శక కేంద్రములు నెలకొన్నవి. వైద్యుడు, మనశ్శాస్త్రవేత్త, సంఘసేవకురాలు కలిసి బిడ్డను పరీక్షించెడివారు.

మేలైన పనియే, కాని అందొక లోపము పొడచూపినది. బిడ్డ జబ్బునకు తల్లియే మూలమను భావము నిపుణులలో ప్రబలినది. తల్లి ప్రేమరాహిత్యమువలననే ఆటిజము కలుగునని కొందరు వ్రాసిరి. బిడ్డ బాధకు తోడు నేరము చేసితినను బాధయు ఆ తల్లులకు చుట్టుకొన్నది. 1964లో మనశ్శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ వాదమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. అతని కుమారునికి ఆటిజము ఉండెను. మరుసటి ఏట అట్టి బిడ్డల తల్లిదండ్రులు సంఘముగా ఏర్పడిరి. శాస్త్రము దిద్దుకొనుటకు బాధ తెలిసిన తండ్రి తోడ్పడినాడన్న మాట.

పశ్చిమదేశములలో తల్లిదండ్రులను దోషులుగా చూచుచున్న ఆ 1950ల దశకముననే మన దేశమున ఇందుకు భిన్నమైన ప్రయోగము జరిగినది. అమృతసరు మానసిక చికిత్సాలయమునకు అధికారిగానున్న డాక్టరు విద్యాసాగర్, ఆస్పత్రి ఆవరణలో గుడారములు వేయించి రోగులతోపాటు వారి కుటుంబములను కూడ అందులో ఉంచెను. తమవాని సేవ చేయుచునే వారు పొరుగు గుడారములోని రోగి కోలుకొనుట కన్నులార చూచిరి. ఒక తల్లి భయమును మరొక తల్లి పోగొట్టినది. ఇంటికి మరలినవారు ఈ జబ్బు నయమగునని తమ ఊళ్లలో చెప్పిరి. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక చికిత్సా కేంద్రముకూడ కుటుంబసభ్యులను రోగితో ఉంచు పద్ధతిని చేపట్టినది.

ఊరకచేయు సేవనుండి ఉద్యోగమునకు

1979లో అమెరికాలో మనోరోగుల కుటుంబములు జాతీయ సంఘముగా ఏర్పడినవి. 1982లో జేన్ నిట్జర్ అను పరిశోధకురాలు తీవ్ర మానసిక బాధలుగల 30 లక్షల బాలలలో 20 లక్షలమందికి తగిన చికిత్స అందుటలేదని చూపినది. 1989లో అట్టి బాలల తల్లిదండ్రులు వేరుగా ఒక సమాఖ్యను స్థాపించుకొనిరి.

అప్పటికిని సాటివారి సాయము చాలవరకు జీతములేని సేవయే. 1999లో జార్జియా రాష్ట్రము, పేదల వైద్యమునకు ప్రభుత్వము డబ్బు చెల్లించు మెడికెయిడ్ పథకములో సాటి సహాయమును చేర్చినది. 2001నుండి అట్టివారికి శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రము ఏర్పడినవి. 2007లో కేంద్ర ప్రభుత్వము అన్ని రాష్ట్రములకు ఈ దారి చూపుచు, నిపుణుల పర్యవేక్షణ, చికిత్సతో పొందిక, శిక్షణతోకూడిన అర్హత అను మూడు నియమములు విధించెను. 2013లో రోగులైన బాలల తల్లిదండ్రులకును ఈ సాయము వర్తించునని స్పష్టముచేసెను.

సాటి అనగా ఎవరు?

జబ్బు ఒకటైనంతమాత్రమున ఇద్దరు సాటివారు కారు. పదునారేండ్ల బాలుడు తన తండ్రి యీడువానితో మనసు విప్పుట అరుదు. వాడికి ఇరువదేండ్ల యువకుడు కావలెను. తల్లికి మరొక తల్లి కావలెను. మాట, యాస, కులము, పేదరికము, ఆడతనము, వలసబ్రతుకు అనునవన్నియు బాధకు తమ రంగు నద్దును. కావున సాటి సహాయకులందరు ఒకే పట్టణమునుండి, ఒకే వర్గమునుండి వచ్చినచో, ఆ సాయము అందరికి అందదు. పలువిధముల జనులలోనుండి సహాయకులను తయారుచేయవలెనని నేడు కోరుటకు కారణమిదియే.

గోవాలో జరిగిన పరిశోధన ఇందుకు మంచి నిదర్శనము. గర్భిణులలోని మానసిక క్రుంగుబాటును తగ్గించుటకు అదే ప్రాంతపు తల్లులకు శిక్షణ యిచ్చి పంపిరి. 2019లో ఫలితములు వెలువడినవి. ఆరునెలలకు చూడగా, ఉపశమనము పొందినవారు వీరి సాయమందిన స్త్రీలలో కొంత హెచ్చుగా ఉండిరి. మేలు కొద్దిదే; కాని వైద్యులు చాలని చోట కొద్ది మేలును విలువైనదే.

ఇందు జాగ్రత్తలును కలవు. సాటి సహాయకుడు వైద్యునికి బదులు కాడు; మందు వ్రాయడు, రోగము నిర్ణయింపడు. చవుకగా దొరకునని పెద్దభారము నెత్తిన పెట్టినచో, మానిన అతని గాయమే తిరిగి రేగవచ్చును. తగిన జీతము, విశ్రాంతి, సలహా చెప్పు పెద్ద లేనిదే ఈ పని నిలువదు.

పాఠశాలలో ఒక విద్యార్థి ముభావముగా ఉన్నపుడు ముందుగా గమనించునది సామాన్యముగా పక్కబల్లపై స్నేహితుడు. అతడు వినుట మంచిది. ప్రాణాపాయపు మాట వినబడినపుడు మాత్రము అది తనలో దాచుకొనక ఉపాధ్యాయునికి వెంటనే తెలుపవలెను. ఉపాధ్యాయుడు మందలింపక విని, వైద్యుని చెంతకు చేర్చవలెను. ఆ గొలుసులో మొదటి కడియము స్నేహితుడు. మొత్తము గొలుసు కాడు.

2017లో మన పార్లమెంటు చేసిన మానసికారోగ్య సంరక్షణ చట్టము, కేంద్ర మానసికారోగ్య ప్రాధికార సంస్థలో మనోవ్యాధి అనుభవముగల ఇద్దరు ప్రతినిధులకును, సంరక్షకుల పక్షమున ఇద్దరికిని స్థానము కల్పించినది. గొలుసులలో ఉంచబడినవారి మాటను వినుటకు బిసేత్ర్‌లో ఒక మాజీ రోగి కావలసివచ్చెను. నేడు ఆ మాటకు చట్టమే కుర్చీ వేసినది. ఆ కుర్చీలో యువకుల గొంతు, పల్లెతల్లి గొంతు కూడ వినబడునట్లు చేయుట ఇక మిగిలిన పని.