మత్తుపై పోరు: పోలీసుల పని, పేట పని



మత్తు మనకు కొత్త బెడద కాదు. కల్లు, సారా, నల్లమందు, గంజాయి అంటూ వేషం మార్చి వస్తూనే ఉంది. దానిని మనవారు ఎదుర్కొన్న చరిత్రను ఒకసారి తిరగవేయుట మంచిది.

మన కృష్ణాజిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1948 నాటికి అది రాష్ట్రమంతటా అమలయింది. చట్టం వచ్చింది గాని చాటుమాటు సారా ఆగలేదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఈ నిషేధం వివాదం మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పోలీసువారు బట్టీలు పగలగొట్టగలరు గాని, ఇంటింటి మనసు మార్చగలరా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కథ తిరగబడింది. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినా, 1997లో సడలిపోయింది.

ఇప్పటి బెడద గంజాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠినమైనదే. 2021లో పోలీసువారు 'ఆపరేషన్ పరివర్తన' పేరిట విశాఖ మన్యంలో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగులబెట్టారు. 2024లో 'ఈగల్' విభాగం, 1972 నంబరు వచ్చాయి. కాని సరుకు కాలినంతనే అలవాటు కాలిపోదు.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ చట్టంలోనే 64-ఏ సెక్షను ఉంది. మత్తుకు బానిసైనవాడు కొద్దిపాటి సరుకుతో పట్టుబడినా, తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడి, దానిని పూర్తిచేస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు ఉంది. అమ్మేవాడిని, అలవాటు పడ్డవాడిని ఆ చట్టమే ఒకే గాటన కట్టలేదు. మరి మనమెందుకు కట్టాలి?

మత్తు కలిగించేదంతా హరామేనని మనకు తెలుసు. అయినా ఇజ్జత్ పోతుందని బిడ్డ సంగతి దాచిపెడతాం. ఇంతలో వ్యవహారం ముదిరిపోతుంది. మన ఉయ్యూరు బందరు రోడ్డు మీది ఊరు, రాకపోకలు ఎక్కువ. అమ్మేవాడి ఆచూకీ పోలీసుకు చెబుదాం. చెడిన బిడ్డను వెలివేయక, జమాత్ పెద్దలే వెంటబెట్టుకొని డాక్టరు వద్దకు తీసుకుపోదాం. జుమా ప్రసంగంలో ఇమాం సాహెబ్ ఈ మాట ఎత్తితే, తల్లుల నోళ్లు విప్పుకొంటాయి.

దూబగుంటలో మొదటి అడుగు వేసింది పోలీసు కాదు, తల్లి. ఆ అడుగు మన పేటలోనూ పడాలి. అల్లాహ్ మన బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.