కాముడికి గుడి లేదు

మోత్కూరు వైపు పల్లెల్లో పోచమ్మకు గుడి ఉంది, ఎల్లమ్మకు ఉంది, హనుమండ్లకు ఉంది. కాముడికి లేదు. ఫాల్గుణ పున్నమి రాత్రి నాలుగు బాటలు కలిసేచోట కట్టెలు, పిడకలు కుప్పపోసి నిప్పు పెడతారు. ‘కాముణ్ణి కాలుస్తున్నరు’ అంటారు. ఆ మంటే ఆయనకు గుడి, ఆ రాత్రే ఆయనకు పూజ. హిరణ్యకశిపుడి చెల్లెలు హోళిక కాలిపోయిన కథ ఉత్తరాదిది. మన దగ్గర ఆ రాత్రి కాలేది మన్మథుడు. అందుకే ఇది కాముని పున్నమి.

పున్నమికి కొన్నాళ్ల ముందే జాజిరి మొదలవుతుంది. పొద్దుగూకగానే పిల్లలు కోలలు పట్టుకుని జట్టుగా బయల్దేరతారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు కోలలు కొడుతూ అందుకుంటారు. ఇంటామె చాటలో గింజలో, చేతిలో చిల్లరో పట్టుకొచ్చేదాకా వాకిలి వదలరు. మంటకు కావలసిన కట్టెల్లో అడిగి తెచ్చేవి కొన్ని, అడగకుండా ఎత్తుకొచ్చేవి కొన్ని. ఆ ఒక్క పండుగకు ఆ దొంగతనాన్ని ఊరు తప్పుపట్టదు. మర్నాటి రంగు పొలం గట్ల మీదే దొరుకుతుంది. ఆకు రాల్చి నిలువెల్లా పూసిన మోతుకు చెట్ల కింద పూలు ఏరుకొచ్చి, కుండలో ఉడకబెట్టి, చిటికెడు సున్నం కలిపితే నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి.

ఇంత సందడిగా కాలే ఈ దేవుడు ఎక్కడివాడు? ప్రేమకు దేవుడనగానే చదువుకున్నవాళ్లకు గ్రీకుల ఎరోస్ గుర్తొస్తాడు. రెక్కలు, విల్లు, బాణాలు. రోమన్లు అతణ్నే క్యూపిడ్ అన్నారు, బొద్దుపిల్లవాణ్ని చేశారు. ఆ బొమ్మే ఇప్పుడు ఫిబ్రవరిలో కార్డుల మీదికి ఎక్కుతోంది. మన మన్మథుడి చేతిలోనూ విల్లే ఉంది కాబట్టి ఇతడు అక్కడి నుంచే వచ్చి ఉంటాడని అనుకునేవాళ్లున్నారు. ఆ మాట నిలవదు. అథర్వవేదం మూడో కాండలో ఒక వశీకరణ మంత్రం ఉంది. అందులో కాముడి బాణం వచ్చి ఆడమనిషి గుండెను గుచ్చుకుంటుంది. గ్రీకు సాహిత్యంలో ఎరోస్ చేతికి విల్లు వచ్చింది క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు యూరిపిడీస్ నాటకాల కాలానికి. అథర్వవేదం అంతకంటే పాతది.

ఇద్దరికీ అసలైన పోలిక విల్లులో లేదు, పుట్టుకలో ఉంది. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టికి ముందున్న చీకటిని తలపోస్తూ, అన్నిటికంటే ముందు పుట్టింది కామమని, మనసుకు తొలి విత్తనం అదేనని చెబుతుంది. అక్కడ కామం అంటే ఒంటరిగా ఉన్నది రెండు కావాలన్న కోరిక. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో హెసియడ్ అనే గ్రీకు కవి దేవతల పుట్టుక గురించి రాస్తూ శూన్యం, భూమి, పాతాళం తర్వాత ఎరోస్ పేరు పెట్టాడు. ఆ ఎరోస్ ఎవరి కొడుకూ కాదు. అఫ్రొడైటీ కొడుకయింది తర్వాతి కాలంలో. మన కాముడూ అంతే, సృష్టికి మూలమైనవాడు పురాణాల నాటికి విష్ణువు కొడుకయ్యాడు. రెండు జాతులూ కోరికకు మొదట అంత పెద్ద పీట వేసి, తర్వాత దాన్ని కుర్రవాణ్ని చేసి చేతికి విల్లిచ్చాయి. ఎందుకని? అంత పెద్ద శక్తిని రోజూ ఇంట్లో పెట్టుకుని బతకడం ఎవరికైనా కష్టమే అయి ఉంటుంది.

గ్రీసులో ఎరోస్‌ను అందరికంటే ఎక్కువగా కొలిచిన ఊరు బొయోషియా ప్రాంతంలోని థెస్పియాయి. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన పాసేనియస్ అనే యాత్రికుడు, ఆ ఊరివాళ్ల తొలి ఎరోస్ ఉలి తగలని ఒక రాయి అని రాశాడు. మన ఊరి నడుమ బొడ్రాయి లాంటిదే అనుకోవాలి. తర్వాత ప్రాక్సిటెలిస్ అనే మహాశిల్పి చెక్కిన పాలరాతి ఎరోస్ ఆ ఊరికి వచ్చింది. దాన్ని కాలిగులా చక్రవర్తి రోముకు పట్టుకుపోయాడు, క్లాడియస్ తిరిగి పంపాడు, నీరో మళ్లీ ఎత్తుకుపోయాడు. చివరకు రోములో అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. ఎరోస్ కూడా కాలాడన్నమాట. అయితే అతణ్ని కాల్చింది ప్రమాదం. అక్కడితో ఆ కథ ముగిసింది.

కాముణ్ని కాల్చింది శివుడు. తారకాసురుణ్ని చంపే కొడుకు పుట్టాలంటే తపస్సులో ఉన్న శివుడికి పార్వతి మీద మనసు కలగాలి. ఇంద్రుడు పంపితే కాముడు వెళ్లాడు. చెరకు విల్లు, తుమ్మెదల అల్లెతాడు, ఐదు పూల బాణాలు. మూడో కన్ను తెరుచుకుంది, బూడిదయ్యాడు. కాళిదాసు కుమారసంభవంలో దీని తర్వాతి సర్గ మొత్తం రతీదేవి ఏడుపే. నాకు ఈ కథలో గొప్పగా తోచేది అదే. దేవతల పని నెరవేరింది, కొంప మునిగింది రతిది. కాముడు మళ్లీ బతికాడు గానీ ఒళ్లు లేకుండా బతికాడు, అనంగుడయ్యాడు. ఒళ్లు లేనివాడికి విగ్రహం ఏం పెడతారు? తర్వాత రుక్మిణీకృష్ణుల కొడుకు ప్రద్యుమ్నుడిగా పుట్టాడు. శంబరాసురుడు పురిటిలోనే ఎత్తుకుపోయి సముద్రంలో పడేస్తే చేప మింగింది. ఆ చేప కడుపులోంచి బయటపడ్డ పిల్లవాణ్ని సాకింది మాయావతి పేరుతో కాచుకుని ఉన్న రతే. ఈ కథను తెలుగులో భాగవతంలో చెప్పిన పోతన ఊరు బమ్మెర, మోత్కూరుకు మరీ దూరమేమీ కాదు.

బౌద్ధులు కాముణ్ని శత్రువు చేశారు. లోకం పూలబాణాల దేవుడని పిలిచేవాడే మారుడని అశ్వఘోషుడు బుద్ధచరితంలో రాశాడు. బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుడి మీదికి మారుడు సైన్యంతో వచ్చిన దృశ్యం నాగార్జునకొండ పలకల మీద ఉంది. తిరుమలగిరి దగ్గరి ఫణిగిరి గుట్ట మీద భిక్షువులు కోరికను జయించే సాధన చేస్తున్న ఆ శాతవాహన, ఇక్ష్వాకుల కాలంలోనే, కింద జనం ఫాల్గుణంలో ఒకరి మీద ఒకరు బురద చల్లుకుని ఆడుకున్నారు. శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో ఆ వేడుక కనిపిస్తుంది. రాజుల ఇళ్లలో అది మదనోత్సవం. 7వ శతాబ్దంలో హర్షుడు రాసిన రత్నావళి నాటకంలో రాణి వాసవదత్త అశోకచెట్టు కింద మదనుడికి పూజ చేస్తుంది. కొండవీటి కుమారగిరిరెడ్డి (1386-1402) వసంతోత్సవాలకు కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలని పేరు తెచ్చుకున్నాడు. ప్రబంధకవుల చేతిలో పడ్డాక మన్మథుడికి తిట్లు తప్పలేదు. విరహంలో ఉన్న ప్రతి నాయికా చంద్రుణ్నీ అతణ్నీ కలిపి దులిపేసేది.

రాజులు పోయారు, మదనోత్సవం పోయింది. ప్రబంధాలు పుస్తకాల్లో ఉన్నాయి. మిగిలింది ఊరి మంట. తమిళ దేశంలో కాముని పండుగకు లావణి పాటగాళ్లు రెండు పక్షాలుగా కూర్చుంటారు. కాముడు కాలాడని ఒకరు, కాలలేదని ఇంకొకరు తెల్లవార్లూ వాదిస్తారు. మన వైపు ఆ వాదం లేదు. కాలుస్తాం, మర్నాడు రంగులు చల్లుకుంటాం. చచ్చినవాడి పేరు మీద ఎవరూ వసంతం ఆడరు. కాలాడా లేదా అన్న ప్రశ్నకు పల్లె చేతలతో ఇచ్చిన జవాబు ఇదేనని నేను నమ్ముతాను.

థెస్పియాయి ఎరోస్‌కు ఆటలతో, పాటలతో ఉత్సవం జరిగేదని మనకు తెలుసు. ఆ పాటలు ఇప్పుడు ఎవరి నోటా లేవు. జాజిరి పాటలు ఇంకా ఉన్నాయి. అవి తెలిసిన పెద్దమ్మలు మన ఊళ్లలో ఉన్నారు. రంగు పొట్లాలు కొట్టులోనే దొరుకుతున్నాయి కాబట్టి మోతుకు పూలు ఏరేవాళ్లు తగ్గారు. ఫోను చేతికొచ్చాక కోలలు పట్టే పిల్లలూ తగ్గారు. ఆ ఫోన్లతోనే ఆ పాటలు పట్టిపెట్టవచ్చు. మోత్కూరు బడుల్లో టీచర్లు ఫాల్గుణంలో ఒక సాయంత్రం నలుగురు పెద్దమ్మలను పిలిచి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఏ పాట ఏ ఊరిదో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాయించాలి. ఈ పున్నమికే మొదలుపెట్టాలి.