హక్కు ఉండీ వదిలినవాళ్ళు

ఆ మొద్దు ఇంకాస్త లోపలికి నెట్టరా అబ్బాయ్, పొగ కళ్ళల్లోకి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు చెబుతా వినండి. మా తాత వాళ్ళ నాయన కాలవ తవ్వకంలో మట్టి తట్ట మోసిన మనిషి. ఆయన చెప్పింది మా తాత విన్నాడు, తాత చెప్పింది నేను విన్నా.

అమెరికా మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు కాపరానికొచ్చింది 1866లో. పదేళ్ళు తిరిగేసరికి ధాత కరువు పడింది. 1876 నుంచి 78 దాకా జనం అల్లాడిపోయారు. సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది గానీ, అక్కడికి పోయిన మాదిగోళ్ళను మేస్త్రీలు కాల్చుకుతినేవాళ్ళంట. దొర కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు. కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తానే కంట్రాక్టు పట్టాడు. మన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యాహ్నం పార పక్కన పడేసి కూలీలు బోధకుడి చుట్టూ చేరేవాళ్ళు. అలిసిపోయినవాళ్ళను రమ్మని పిలిచే దేవుడున్నాడని అప్పుడే విన్నాం అనేవాడంట మా ముత్తాత.

అసలు సంగతి ఇక్కడుంది. విన్నవాళ్ళు ఊరుకుంటారా? బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఇవ్వడానికి దొరకు హక్కుంది, సముద్రాలు దాటి వచ్చిందే అందుకు. ఇస్తే అమెరికాకు రాసే ఉత్తరంలో లెక్కా పెరిగేది. అయినా ఇవ్వలేదు. ఏడాది దాటినా ఇవ్వలేదు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట ఆ పేదోళ్ళ నెత్తిన పడకూడదని ఆగాడు. కూలి పని, గంజి సాయం అయిపోయాక, ఇక చేతిలో పెట్టేదేమీ లేదని తేలాక, 1878 జూలై 3న ఒంగోలుకు పది మైళ్ళ ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు వంతులేసుకుని ఇచ్చారు.

ఇక అలాగే హక్కుండీ వదిలిన మా నాయన సంగతి. ఆయన సంఘపెద్ద. క్రిస్మస్ ప్రేమవిందంటే మన పేటలో పెద్దకూరే. ఓ ఏడు గొల్లల ఇంటి నుంచి కొత్తగా నమ్ముకున్న ఆలుమగలు బంతిలో కూర్చున్నారు. ఆకులో అన్నం పక్కన కూర పడింది. ఆ ఇంటాయన తల దించుకున్నాడు. ఆ తల్లి కూర అంటని వైపు నుంచి నాలుగు మెతుకులు తీసి, నోట్లో పెట్టుకోలేక చేతిలోనే పట్టుకుని కూర్చుంది. వడ్డిస్తున్న మా నాయన చూశాడు.

మరుసటేడు విందులో పప్పుచారు, వంకాయ కూర. మా బాబాయిలు లేచారు. "ఏందన్నా, మన కూడు మనం తినే హక్కు మనకు లేదా?" అన్నారు. "ఉందిరా. ఉంది కాబట్టే వదులుతున్నాం. వాళ్ళు మనల్ని అడగను కూడా లేదు" అన్నాడు మా నాయన. ఇంట్లో మాత్రం ఆదివారం పొయ్యి మీద ఎప్పటి కూరే ఉడికేది.

కొన్నాళ్ళకు ఊళ్ళో ఓ పెద్దరైతు కబురంపాడు, పేటలో ఆ కూర వండటానికి వీల్లేదని. విందులో మానేసిన మనిషి కదా, దీనికీ తలూపుతాడనుకున్నారు అందరూ. ఊపలా. "మా పొయ్యి మీద ఏం ఉడకాలో మీరు చెప్పొద్దయ్యా" అని మొహం మీదే చెప్పొచ్చాడు.

అదేంది, అక్కడ వదిలి ఇక్కడ పట్టుకున్నాడేందని నేనడిగా. నాయన పౌలు సంగతి తీశాడు. కొరింథులో పౌలుకు సంఘం తిండి పెట్టాల్సిందే, ఆ హక్కుందని ఆయనే రాశాడు. అయినా సువార్తకు అడ్డమవుతుందేమోనని ఆ సొమ్ము ముట్టుకోలా. అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టుకు బతికాడు. అదే పౌలు ఫిలిప్పీలో ఏం చేశాడు? విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారి చప్పుడు కాకుండా పొమ్మన్నారు. పోనన్నాడు. మేం రోమా పౌరులం, మీ అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. వాళ్ళొచ్చి బతిమాలుకున్నారు.

బలహీనుడి కోసం మనంతట మనం వదిలితే అది ప్రేమ. బలమున్నోడు మన చేతిలోంచి లాక్కుంటే అది దౌర్జన్యం. రెంటికీ ఒకే వాక్యం చదివి మన నోరు మూయించేవాళ్ళుంటారు, జాగ్రత్త.

రేపు సంఘం మీ చేతికొస్తుంది. సర్దుకోమ్మా, సర్దుకోరా అని ఎవరికి చెబుతున్నారో చూసుకోండి. ఎప్పుడూ కోడలికే, కూలోడికే, కొత్తగా వచ్చినోడికే చెబుతుంటే అది క్రీస్తు మార్గం కాదు, పెత్తనం. వదులుకోవడం ముందు వరస కుర్చీల్లో కూర్చున్నవాళ్ళతో మొదలు పెట్టండి.